పాటన్ రేవుకి టర్కీ వచ్చిన విధం

పాటన్ రేవులో ఎవరినైనా ఆపి, థాంక్స్‌గివింగ్ పండగనాడు టర్కీ కోడినే ఎందుకు తింటారయ్యా అని అడిగి చూడండి. ముందు గొంతు సవరించుకుంటాడు. తర్వాత ఓడ దిగి వచ్చిన తాతముత్తాతలు, తొలి పంట, అడవి పక్షులు, దేవుడి దయ అంటూ అందుకుంటాడు. మధ్యలో అడ్డు తగలకండి, తగిలితే మళ్ళీ ఓడ దగ్గర్నుంచి మొదలెడతాడు. అంతా విన్నాక, మరి డీకన్ ఆమోస్ వైల్డర్ గారి పాక కప్పు సంగతేమిటి అని మెల్లగా అడగండి. అప్పుడు వాడికి ఇంటి దగ్గర అర్జెంటు పని గుర్తొస్తుంది.

పాక కప్పు గురించి చెప్పాలంటే ముందు కెజియా థ్రాల్ గురించి చెప్పాలి.

కెజియాది వెర్మాంట్ కొండల్లో ఊరు. అటువైపు రైలు ఇంకా రాలేదు. కొండ రైతులు ఏడాది పొడుగునా మేపిన టర్కీలు పండగ వేళకి బోస్టన్ చేరాలి. కోసి పంపితే దారిలో కుళ్ళిపోతాయి. బండిలో కుక్కితే ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయి. ఇక మిగిలింది నడిపించడమే. మొక్కజొన్న కోతలు కాగానే ఊళ్ళో అందరి పక్షుల్నీ ఒక మందగా కలిపి కెజియాకి అప్పగించేవాళ్ళు. ఆ పని వాళ్ళ నాన్న చేసేవాడు. ఆయన మోకాళ్ళు పోయాక కెజియాకి వచ్చింది. కొడుకుల్లేరు కాబట్టి వచ్చిందని ఊరంతా అనుకునేది. కొడుకులున్నా ఆమెకే ఇచ్చేవాణ్ణని ఆయన అనేవాడు, కానీ కొడుకుల్లేనివాడి మాట ఎవరు నమ్ముతారు?

బయల్దేరేముందు ఒక్కో పక్షినీ చంకలో ఇరికించుకుని, కాళ్ళు గోరువెచ్చటి తారులో ముంచి, ఇసకలో అద్దేది. అవే వాటి జోళ్ళు. కెజియాకి మాత్రం నాన్న పాత బూట్లుండేవి, వాటికి చిల్లులుండేవి. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర కొసకి ఎర్రగుడ్డ. వెనక మొక్కజొన్న బస్తాల బండి, బస్తాల మీద ముసలి జోతమ్. జోతమ్ బండి తోలడంతో పాటు సణిగే పని కూడా చూసుకునేవాడు, దానికి వేరే జీతం అడగలేదు. మందకి ముందు ఒక పెద్ద పుంజు నడిచేది. దాని నడక చూసి జడ్జిగారని పేరు పెట్టారు. నలుగురూ చూస్తున్నారని తెలిసినవాడి నడక అది.

పెళ్ళి చేసుకుంటానని ఒకాయన అడిగాడు కెజియాని. పెళ్ళయ్యాక ఈ తిరుగుడు మానేస్తావుగా అన్నాడు. "నువ్వు కూడా నడవచ్చుగా?" అంది కెజియా. ఆయన వేరే ఆవిడని చేసుకున్నాడు. వాళ్ళ పెళ్ళి విందుకి కెజియా మంచి బలిసిన పక్షిని పంపింది. మనసులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు.

టర్కీతో నడిచేవాళ్ళకి తెలియాల్సింది ఒక్కటే. పొద్దు వాలిందంటే అది ఇక అడుగు వెయ్యదు. చెట్టు కనిపిస్తే చెట్టెక్కుతుంది, కప్పు కనిపిస్తే కప్పెక్కుతుంది, ఏమీ లేకపోతే కంచె మీద కూర్చుంటుంది. ఇక ఆ పూటకి దాన్ని బతిమాలినా ఒకటే, తిట్టినా ఒకటే. మళ్ళీ పొద్దు పొడిస్తే దానంతటదే దిగి, ఏమీ జరగనట్టు నడుస్తుంది. కెజియా బతుకంతా ఈ లెక్క మీదే నడిచింది. పక్షులు ఆగినచోట ఆగేది, కదిలినప్పుడు కదిలేది.

దీనివల్లే అక్కతో మాటలు పోయాయి.

అక్క పేరు డార్కస్. పాటన్ రేవు చర్చి పెద్ద, డీకన్ ఆమోస్ గారి భార్య. బోస్టన్ దారిలో, ఏరు దాటగానే ఎడమవైపు మొదటి ఇల్లు వాళ్ళదే. నాన్న పోయాక అమ్మ చివరి రోజులు అక్క దగ్గరే గడిపింది. ఒక శరదృతువులో అమ్మకి ఊపిరి ఆడడంలేదని, కెజియా కోసం అడుగుతోందని ఒక బండివాడు దారిలో కబురు తెచ్చాడు. ఒంటి మనిషి రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి చేరేంత దూరం. మందతో అయితే చాలా ఎక్కువ. ఆ ఏడాది జోతమ్ జ్వరంతో ఇంట్లో పడున్నాడు, బండి మీద ఒక తిక్క మనిషి ఉన్నాడు, వాడికి పక్షులంటే భయం. సూర్యుడు కొండ వెనక్కి పోతున్నాడు. పక్షులు ఎవరిదో ఆపిల్ తోటలో కొమ్మలెక్కి కూర్చున్నాయి. పదకొండు ఇళ్ళవాళ్ళ పక్షులు. వాళ్ళ చలికాలపు ఉప్పు, బూట్లు, గుడ్డలు అన్నీ ఆ కొమ్మల మీదే ఉన్నాయి. కెజియా చెట్టు కింద కూర్చుంది. తెల్లారాక మందని లేపి, వీలైనంత వేగంగా తోలింది. వీలైనంత వేగం అంటే టర్కీకి వీలైనంత.

పాటన్ రేవు చేరేసరికి సమాధి దగ్గర్నుంచి జనం నల్లబట్టల్లో తిరిగొస్తున్నారు. దారి ఇరుకు. మంద పోవడానికి వాళ్ళందరూ పక్కకి తప్పుకుని నిలబడాల్సి వచ్చింది. అందరికంటే ముందు డార్కస్. జడ్జిగారు ఆమెని ఎగాదిగా చూసి ముందుకి నడిచాడు.

"నీకు అమ్మకంటే కోళ్ళు ఎక్కువైపోయాయా?" అంది డార్కస్.

"వీటిని ఎక్కడ వదిలి రానక్కా?" అంది కెజియా.

అడక్కూడని ప్రశ్న అది. నోట్లోంచి వచ్చాక తెలిసింది, కానీ అప్పటికి వచ్చేసింది. డార్కస్ ఇంట్లోకి పోయి కిటికీ పరదా లాగేసింది. అప్పట్నుంచీ ఏటా అంతే. మంద ఏరు దాటుతుంటే పరదా మూసుకునేది. డీకన్ ఇంట్లో టర్కీ మాంసం మాట ఎత్తడానికి లేదు. పండగకి అక్కడ పెద్దబాతులే, ఊళ్ళో చాలా ఇళ్ళలో పెద్దబాతో కోడిమాంసం పెట్టిన రొట్టో. ఆ పరదా వంక చూసి కెజియా ఏటా ఒక్క క్షణం ఆగేది, తర్వాత పక్షులు ఆగవు కాబట్టి తనూ సాగిపోయేది. ఈ ఏడైనా అక్క పరదా తీస్తుందేమో అన్న ఆశ ఒక్కటే, వెర్మాంట్ నుంచి అంత దూరం ఆమెతో పాటు నడిచేది. జోతమ్‌కి ఆ సంగతి తెలుసు. దానిమీద మాత్రం సణిగేవాడు కాదు.

ఇక డీకన్ ఆమోస్ గారి విషయం. ఆయన మంచి మనిషి. మంచి మనుషులకి ఉండే జబ్బే ఆయనకీ ఉంది, ఊరికి ఉపకారం చెయ్యకుండా ఉండలేడు. అమ్మ పోయి చాలా ఏళ్ళయ్యాక, ఒక ఏడాది ఏటి మీద వంతెనకి కప్పు వేయించాడు. వానకీ మంచుకీ దూలాలు పుచ్చిపోకుండా ఉండాలంటే వంతెనకి ఇల్లులాగా గోడలూ కప్పూ ఉండాలని నెలల తరబడి ఊరి చెవిలో జోరీగలా పోరుపెట్టాడు. వడ్రంగి పక్కగోడలకి కిటికీలు పెడదామన్నాడు. "వంతెనకి కిటికీలెందుకయ్యా, చేపల్ని చూడ్డానికా?" అన్నాడు డీకన్. కిటికీలు పెట్టలేదు. కొత్త పలకలన్నీ వంతెనకే సరిపోయాయి. ఆయన ఇంటి వెనక పాక కప్పుకి పలకలు మార్చాల్సింది, అది వచ్చే ఏటికి వాయిదా పడింది.

ఆ ఏడాది తొలిమంచు కొండల మీద ముందే పడింది. మంద ఆలస్యమైంది. గవర్నరుగారు చాటించిన పండగ గురువారం. మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక కెజియా ఏటి ఒడ్డుకి చేరింది. వంతెనకి కప్పు పడిందని అప్పుడే చూసింది. కప్పు వంతెనలు ఆమెకి కొత్త కాదు, దారిలో వేరేచోట్ల ఉన్నాయి. అలాంటిచోట సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే దాటించాలి, ముందు బండి పంపి దాని వెనక దీపాలు వేలాడదీయాలి, లోపలంతా గింజలు చల్లాలి. ఇవన్నీ చిన్నప్పుడే నాన్న దగ్గర నేర్చుకుంది.

"దీపాలు ముట్టించనా?" అని జోతమ్ వెనకనుంచి అరిచాడు.

కెజియా వినలేదు. అవతలి ఒడ్డున, ఎడమవైపు ఇంటి కిటికీకి పరదా లేదు. పరదా లేదు, కిటికీలో డార్కస్ నిలబడి ఉంది. ఇటే చూస్తోంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి. కెజియా కర్ర పట్టుకున్న చెయ్యి దానంతటదే పైకి లేచింది. పలకరింపుగా లేచింది. కానీ జడ్జిగారికి ఆ ఎర్రగుడ్డ లేచిందంటే అర్థం ఒకటే, పద అని. ఆయన పదిలంగా వంతెనలోకి నడిచాడు. వెనకే మందంతా నడిచింది.

నిజానికి డార్కస్ చూస్తున్నది చెల్లెల్ని కాదు, ఆ పక్షులు మొగుడి కొత్త వంతెన పాడుచేస్తాయేమోనని కాపలా కాస్తోంది. ఆ సంగతి కెజియాకి తర్వాత తెలిసింది.

జడ్జిగారు వంతెన మధ్యలో ఆగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, పైకి చూశాడు. రోజు ముగిసిందని తీర్పిచ్చేశాడు. ఎగిరి దూలం మీద కూర్చుని మెడ రెక్కలోకి దోపుకున్నాడు. ఆయన తీర్పు మీద అప్పీలుండదు. కాసేపట్లో దూలాలన్నీ నిండిపోయాయి, చోటు చాలనివి కింద పలకల మీదే ముడుచుకున్నాయి.

"అయిపోయింది," అన్నాడు జోతమ్. "నేను అడిగాను. అడగలేదని మాత్రం అనద్దు."

అవతలి వైపు నుంచి డీకన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటమ్మా కెజియా ఇది?"

"నిద్రపోతున్నాయి బావా."

"పట్టపగలా?"

"మనకి పగలు. వాటికి చీకటి పడింది."

"ఎంతసేపు పడుకుంటాయి?"

"పొద్దు పొడిచేదాకా."

"ఏ పొద్దు?"

"వాటికి కనిపించిన పొద్దు బావా. పక్కన కిటికీలుంటే ఇప్పుడే పొడిచి ఉండేది."

డీకన్ నదిలో చేపలున్నాయేమో చూస్తున్నట్టు అటు తిరిగాడు.

ఈలోగా పండగకి ఇళ్ళకి పోయే జనం రెండు ఒడ్లా ఆగిపోయారు. గుర్రబ్బండ్లు, సామాన్లు, ఏడ్చే పిల్లలు, గుమ్మడికాయలు. గుర్రబ్బండిలోంచి ఒకాయన తుపాకీ పేల్చి లేపమన్నాడు.

"పేల్చండి," అంది కెజియా. "చచ్చింది కింద పడుతుంది. బతికినవి ఖాళీ అయిన చోటులోకి సర్దుకుంటాయి."

చివరికి మోసుకుపోవడం తప్ప దారి లేదని తేలింది. ఊళ్ళో మగవాళ్ళందరూ వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో పక్షిని చంకలో పెట్టుకుని అవతలి ఒడ్డుకి చేర్చడం, మళ్ళీ రావడం. వంతెన తనదే కాబట్టి డీకన్ ముందుండి మోశాడు. ఆయన ఆదివారం కోటు ఎందుకు వేసుకున్నాడో తెలీదు కానీ, ఆ కోటు మళ్ళీ ఆదివారానికి పనికిరాలేదు. జడ్జిగారిని కెజియాయే మోసింది. ఆయన చంకలో కూడా కళ్ళు తెరవలేదు.

అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరి పక్షి దాటేసరికి సూర్యుడు నిజంగానే వాలాడు. మోతకి అప్పుడే మెలకువొచ్చిన పక్షులు ఆకాశం వంక చూసి, ఓహో పొద్దు గూకింది అనుకున్నాయి. అంతే, లేచి చెట్లెక్కాయి, చర్చి కప్పెక్కాయి, కంచెలెక్కాయి. వంతెనలో నిద్రపోతున్నవాటిని ఊరంతా కష్టపడి లేపింది, ఇళ్ళ మీద నిద్రపోవడానికి. అందులో సగం డీకన్ గారి పాక కప్పు నచ్చి అక్కడ చేరాయి.

కప్పు ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుంది. తర్వాత ఒక్క మూలుగు మూలిగి కూలింది.

పాకలో పండగకని మేపిన పెద్దబాతులు మూడున్నాయి. మూడూ పోయాయి. కప్పుతో పాటు పడిన టర్కీల్లో కూడా కొన్ని పోయాయి. మిగతావి లేచి దులుపుకుని ఇంటి కప్పు మీదికి మారాయి.

డార్కస్ దీపం పట్టుకుని బయటికొచ్చింది. కూలిన పాకని చూసింది, బాతుల్ని చూసింది. కెజియా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది.

"ఏవండీ," అంది డార్కస్ మొగుడితో, "ఎల్లుండి కొడుకులూ కోడళ్ళూ వస్తున్నారు, వాళ్ళకేం పెట్టమంటుందో ఆ మనిషిని అడగండి."

"కెజియా, మీ అక్క..." అన్నాడు డీకన్.

"విన్నాను బావా. చచ్చిన పక్షులు నా వాటాలో వేసుకుంటాను. అవి వండుకోమని అక్కకి చెప్పు."

"డార్కస్, మీ చెల్లెలు..."

"ఈ ఇంట్లో ఆ మాంసం ఉడకదని చెప్పండి."

"కెజియా, ఈ ఇంట్లో..."

"అయితే ఊరికి పంచమను బావా. పారెయ్యొద్దని చెప్పు. ఇంత దూరం నడిచొచ్చాయి."

డీకన్ ఇటు తిరిగి, అటు తిరిగి, నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో అది అరుదైన సంఘటన. డార్కస్ లోపలికి పోయి తలుపేసుకుంది. పరదా లాగేసింది.

కెజియా, జోతమ్ బండి కిందే పడుకున్నారు. కాసేపటికి డీకన్ దుప్పట్లు తెచ్చి పడేశాడు. "ఎవరు పంపారని అడక్కు, నాకు చెప్పద్దన్నారు," అన్నాడు. మంచి మనిషి, అబద్ధమాడడం చేతకాదు.

తెల్లారింది. పక్షులు కప్పుల మీంచి, చెట్ల మీంచి వాటంతటవే దిగి రోడ్డు మీద చేరాయి. జడ్జిగారు ముందు నిలబడి ఈకలు సర్దుకున్నాడు.

"పదమ్మా," అన్నాడు జోతమ్. "చీకటి పడేలోపు సంతలో ఉండాలి. పండగ దాటితే మన పక్షుల్ని కొనేవాడుండడు. నువ్వూ నేనూ కూర్చుని ఒక్కోటీ తినాలి."

కెజియా కర్ర తీసుకుంది. అటు చూస్తే పెరట్లో డార్కస్ కనిపించింది. ముందు వేడినీళ్ళ గంగాళం, ఒళ్ళో చచ్చిన టర్కీ. ఈ ఇంట్లో ఉడకదన్న పక్షి. కోడళ్ళకి ఉడికించిన దుంపలు మాత్రమే పెట్టలేని ఇల్లాలు ఏం చేస్తుంది? బాతుకి పీకినట్టే ఈకలు పీకుతోంది. బలంగా పీకుతోంది. చర్మం చిరుగుతోంది.

"అలా కాదక్కా. చర్మం పోతోంది," అంది కెజియా కంచె ఇవతల నుంచి.

డార్కస్ తలెత్తలేదు. "వెళ్ళేవాళ్ళు వెళ్ళచ్చు," అంది ఒళ్ళోని పక్షితో. "పక్షులు లేచాయి కదా. ఇదేం కొత్తా మాకు."

మంద కదలడం మొదలెట్టింది. ఇదివరకైతే ఆ కదలికకి కెజియా కాళ్ళు కూడా కదిలేవి, ఆమెని అడక్కుండానే. ఆమె బతుకులో మంద కదిలి తను ఆగిన రోజు లేదు. ఎర్రగుడ్డ కర్ర వంక చూసింది. తర్వాత దాన్ని జోతమ్ చేతిలో పెట్టింది.

"నువ్వు తీసుకుపో."

"నేనా?" జోతమ్ కర్రని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇవి నా మాట వింటాయా? నా గుర్రమే వినదు. ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో..."

"జడ్జిగారికి దారి తెలుసు. ఆయన వెనకే పో."

"తప్పిపోతే?"

"తప్పిపోతే పదకొండు ఇళ్ళవాళ్ళూ నన్ను తిడతారు. తిట్టనీ."

జోతమ్ సణక్కుండా బండెక్కాడు. మంద ముందు, బండి వెనక, మలుపు తిరిగి కనబడకుండా పోయాయి. రోడ్డు ఒక్కసారిగా బోసిపోయింది. కెజియాకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కంచె తలుపు తీసుకుని పెరట్లోకి వచ్చి గంగాళానికి ఇవతల నిలబడింది.

"ఆ రోజు రావలసింది," అంది. "వాటిని ఆ చెట్ల మీద వదిలేసి రావలసింది. వాళ్ళు తిడితే పడేదాన్ని. చలికాలం ఉప్పులేక గడిస్తే, మళ్ళీ ఏడు నా మొహాన ఉమ్మితే, తుడుచుకునేదాన్ని. అది తప్పేనక్కా. అప్పుడే తెలుసు. నీకు ఒక్కనాడూ చెప్పలేదు. నువ్వు పరదా వేసుకుంటుంటే, వేసుకోనీ, నాకు అలాగే కావాలి అనుకుంటూ పోయాను."

డార్కస్ ముక్కు చీదింది. ఈక అంటుకుంటే చేత్తో దులుపుకుంది.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి," అంది. "అటువైపు పట్టుకో. ఎలా పీకాలో చూపించు. బొమ్మలా నిలబడ్డావేం?"

గురువారం బల్ల చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మనవలు. మధ్యలో, ఎన్నడూ బాతు తప్ప ఎరగని పళ్ళెంలో, రొట్టెముక్కలూ ఉల్లిపాయలూ కూరి ఎర్రగా కాల్చిన టర్కీ. డీకన్ ప్రార్థన మొదలుపెట్టాడు. పంటకి, వానకి, ఆరోగ్యానికి, వంతెనకి వేరువేరుగా కృతజ్ఞతలు చెప్పాడు. పాక గురించి దేవుడికి ఏమీ చెప్పలేదు, ఆయనకి తెలిసే ఉంటుందనేమో. ఆమెన్ అన్నాక ఎవరూ చెయ్యి చాపలేదు. ఆ ఇంట్లో ఆ మాంసం కథ పిల్లలక్కూడా తెలుసు. అందరూ డార్కస్ వంకే చూస్తున్నారు.

డార్కస్ కత్తి తీసుకుని ఒక ముక్క కోసింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. నింపాదిగా నమిలింది. కెజియా తన ఖాళీ పళ్ళెం అంచు వంక చూస్తూ కూర్చుంది.

"ఉప్పు తక్కువైంది," అంది డార్కస్.

ఇంకో ముక్క కోసింది, తొడ దగ్గర మెత్తటిది. దాన్ని కెజియా పళ్ళెంలో వేసింది. అప్పుడు మనవలందరూ ఒక్కసారిగా పళ్ళేలు చాపారు.

భోజనాలయి, మగవాళ్ళు పొయ్యి దగ్గర గురకలు పెడుతుంటే, అక్కాచెల్లెళ్ళు వంటింట్లో గిన్నెలు కడిగారు. డార్కస్ తోమేది, కెజియా తుడిచేది. చిన్నప్పుడూ అంతే.

"అమ్మ నిన్ను ఒక్క మాటా అనలేదు," అంది డార్కస్, ఆ పెద్ద పళ్ళేన్ని తోముతూ. "చివరి రాత్రి నన్ను అడిగింది, చీకటి పడిందా అని. పడిందమ్మా అన్నాను. అయితే ఈ పూటకి రాదులే, పక్షులు ఎక్కేసుంటాయి అంది. పొద్దున్నే వస్తుంది, తలుపు గడియ పెట్టకు అంది. అంతే. తర్వాత మాట్లాడలేదు."

కెజియా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నీకు చెప్పాలనే అనుకున్నాను. కానీ నువ్వు ఆ పక్షులేసుకుని ఎదురొచ్చి, ఎక్కడ వదిలి రానని నన్నే అడిగేసరికి ఒళ్ళు మండిపోయింది. చెప్పకూడదనుకున్నాను. పక్కనున్నది నేనైనా నీ మనసే బాగా ఎరిగింది కదా అమ్మ, అని అమ్మ మీద కూడా మండింది." డార్కస్ పళ్ళేన్ని ఇంకా తోముతూనే ఉంది, అది ఎప్పుడో శుభ్రమైంది. "ఏటా నీ మంద వచ్చే వారం పరదా వేసుకున్న మాట నిజమే. గడియ మాత్రం పెట్టలేదు. అమ్మ పెట్టద్దంది కదా. రాత్రీ పగలూ పెట్టలేదు. ఈయనగారు దొంగలొస్తారని గోల పెట్టినా పెట్టలేదు. ఎన్నేళ్ళే కెజియా! ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తలుపు తోసి చూశావా నువ్వు?"

కెజియా ఆ తడిగుడ్డతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. డార్కస్ ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కుని, ఇంకో పొడిగుడ్డ ఇచ్చింది.

జోతమ్ మంద క్షేమంగానే చేరింది. తనే నడిపించానని జోతమ్ చచ్చేదాకా చెప్పుకున్నాడు. జడ్జిగారు అభ్యంతరం చెప్పలేదు. ఆయన్ని ఎవరూ అమ్మలేదు కూడా, బండెక్కి వెర్మాంట్ తిరిగొచ్చాడు.

పాటన్ రేవులో మాత్రం చిక్కొచ్చిపడింది. చచ్చిన పక్షుల్లో మిగిలినవి ఇరుగుపొరుగు తిన్నారు, రుచి మరిగారు. మరుసటేడు మాకూ ఒకటి దింపిపొమ్మని ఒక్కొక్కరే డీకన్ చెవిన వేశారు. అంతటితో పోతే బాగుండేది. బాతు మానేసి ఇదెందుకు పట్టుకున్నారు డీకన్ గారూ అని పొరుగూరివాళ్ళు అడగసాగారు. ఆయనేం చెప్తాడు? వంతెనకి కిటికీలు వద్దన్నాననీ, పాక కప్పు బాగుచేయించలేదనీ చెప్తాడా? గొంతు సవరించుకున్నాడు. ఓడ దిగి వచ్చిన తాతముత్తాతలు అన్నాడు. తొలి పంట అన్నాడు. చెప్పగా చెప్పగా ఆయనకే నమ్మకం కుదిరింది. అలా ఊరికొక ఆచారం, ఆచారానికొక పూర్వకథ, రెండూ ఆ ఇంటి నుంచే పుట్టాయి. వంతెనకి కూడా రెండువైపులా కిటికీలు పెట్టించాడు. చేపలు చక్కగా కనిపిస్తాయని వాటి గురించి కూడా ఉపన్యాసమిచ్చాడు.

మరుసటేడు కెజియా మిట్టమధ్యాహ్నం వచ్చింది. దీపాల బండి ముందు, మంద వెనక, కిటికీల్లోంచి ఎండ. జడ్జిగారు అనుమానంగా పైకి ఒకసారి చూశాడు కానీ ఆగలేదు. ఒడ్డు దాటాక కెజియా కర్రని జోతమ్‌కిచ్చి ఎడమవైపు తిరిగింది.

కిటికీకి పరదా వేసే ఉంది. ఎండకి కుర్చీల గుడ్డ వెలిసిపోతోందని డార్కస్ అలవాటుగా వేసింది. కెజియా మెట్ల మీద బూట్లకున్న బురద గీకేసుకుంది. తలుపు తట్టలేదు. తోసింది.